నానమ్మ మణికట్టు, పెద్దనానమ్మ మోకాలు

మా నానమ్మకు కోపం రావడం అరుదు. వస్తే మాత్రం పోదు, కాపురం పెడుతుంది. తోడికోడలి మీద వచ్చిన కోపమైతే పిల్లాపాపలతో సహా స్థిరపడిపోయింది.

ఇద్దరూ ఇంటి వెనక రేకుల షెడ్డులో నొప్పుల లేపనం తయారుచేసేవారు. పెత్తనం మా పెద్దనానమ్మది, పొయ్యి మా నానమ్మది. ఎండుమిరపకాయలు దంచి, నూనెలో సన్నని సెగ మీద కాచి, గుడ్డలో వడగట్టి, మైనం కలిపేది. ఘాటు చూడడానికి ఆవిడకు ఒకటే పద్ధతి. చిటికెన వేలితో కాస్త తీసి ఎడమ మణికట్టు లోపలివైపు రాసుకుని, కళ్లు మూసుకు కూర్చునేది. మంట తెలిసిందా, సరిపోయినట్టు. తెలియలేదా, ఇంకాస్త మిరప పడినట్టు. అలా కూర్చున్నప్పుడు పలకరిస్తే కసిరేది, ఏదో తపస్సు చెడగొట్టినట్టు.

ఒకసారి వెళ్లిన సరుకు జనం మోకాళ్లను వాయగొట్టింది. కొన్నవాళ్లు ఎర్రటి మోకాళ్లు చూపిస్తూ గుమ్మంలో నిలబడ్డారు. పెద్దనానమ్మ పనివాళ్లందరి ముందూ నానమ్మ చేతిలోంచి గరిటె లాక్కుంది.

"వయసు మీద పడింది నీకు. మూతలు బిగించుకో, చాలు."

తన మణికట్టు అబద్ధం చెప్పదని నానమ్మ నమ్మకం. పెద్దనానమ్మే మిరపకాయలు మార్చేసి నింద తన నెత్తిన వేసిందంది. ఆ రోజు నుంచి ఒక్కో మూతనూ ఒక్కో మెడ అనుకుని బిగించేది. కొన్నవాళ్లు తెరవలేక డబ్బాలు వెనక్కి తెచ్చేవారు. ఆవిడకు కావలసింది గరిటె. అది దక్కకపోతే పగ. రెండూ దక్కితే మరీ మంచిది.

పెద్దనానమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ వాడుకునే లేపనం డబ్బా కిటికీలో ఉండేది. నానమ్మ వంటింట్లో గుట్టుగా మహా ఘాటు లేపనం ఒకటి కాచి ఆ డబ్బాలో నింపింది. తోడికోడలు వీధి చివరిదాకా గెంతకపోతే పేరు మార్చుకుంటానని నాతో పందెం కాసింది. ఆ గెంతు నాకూ చూడాలనిపించి నోరు మూసుకున్నాను.

పెద్దనానమ్మ రాసుకుంది. మొహం కందగడ్డ అయింది. కానీ గెంతలేదు. తోడికోడలు ఓరకంట చూస్తుంటే మండుతోందని ఒప్పుకోవడమా? పళ్లు బిగబట్టి మర్నాడూ రాసుకుంది, ఆ తర్వాతా రాసుకుంది. నానమ్మ డబ్బా ఖాళీ కానిచ్చేది కాదు.

కొన్నాళ్లకు పెద్దనానమ్మ మెట్లు చకచకా ఎక్కడం మొదలుపెట్టింది. పాము కరిస్తే పక్షవాతం తగ్గినట్టయింది. ఈసారి నానమ్మ మొహం మాడిపోయింది. ఇదేం న్యాయమని నన్ను నిలదీసింది.

నా చదువు సగంలో ఆగింది గానీ, ఈ ముక్క ఆ సగంలోనే ఉంది. నరాల కణాల పైపొరలో తలుపులాంటి ప్రోటీన్ ఒకటుంటుందని చెప్పాను. నిజంగా వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పోతుంది. మిరపలో ఉండే కాప్సైసిన్ ఆ ప్రోటీన్‌లో దూరి, ఏ వేడీ లేకుండానే తలుపు తీసేస్తుంది. నిప్పు లేదు, కబురు మాత్రం నిప్పుదే. పదే పదే ఇలా తీస్తే తలుపు మొరాయిస్తుంది, నరం కొసలు కూడా వెనక్కి ముడుచుకుంటాయి. ఇక ఆ నరం మంటా చెప్పదు, మోకాలి నొప్పీ చెప్పదు. రాయడం మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ మామూలే.

"అబద్ధాలకోరు మాట కొన్నాళ్లకు ఎవరూ వినరు. అంతేగా," అంది నానమ్మ.

అన్నాక తన ఎడమ మణికట్టు వైపు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఏళ్ల తరబడి రాసుకున్న చోటది. అక్కడి తలుపులు ఎప్పుడో మొరాయించాయి. మంట తెలియక మిరప మీద మిరప వేసుకుంటూ పోయింది. పాపం, పెద్దనానమ్మ కాయలు మార్చనే లేదు.

ఇంకొకరైతే వెళ్లి తప్పయిందని చెప్పుకునేవారు. మా నానమ్మ డబ్బా నింపడం మానేసింది.

డబ్బా అడుగంటింది. నొప్పి తిరిగొచ్చింది. పెద్దనానమ్మ షెడ్డులో ఉన్న లేపనాలన్నీ రాసి చూసుకుంది, ఒక్కటీ పనిచేయలేదు. ఆవిడేం వెర్రిబాగులది కాదు. కుంటుకుంటూ వచ్చి మూతల బల్ల ముందు నిలబడింది.

"ఆ డబ్బాలో ఏం కలిపావే?"

"పగ," అంది నానమ్మ చేతిలో పని ఆపకుండా.

"ఇంకా ఉందా?"

"బోలెడుంది అక్కా. కాయడానికే గరిటె లేదు."

పనివాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. పెద్దనానమ్మ మేకుకు వేలాడుతున్న గరిటె తీసి, వాళ్లందరి ముందే నానమ్మ చేతిలో పెట్టింది. పెట్టింది గానీ వదల్లేదు. మళ్లీ జనం మోకాళ్లు కాలిస్తే ఎవరు జవాబు చెబుతారని అడిగింది.

"కాలవులే. నా మణికట్టు మొద్దుబారింది, ఆ తప్పు నాదే," అంది నానమ్మ. జీవితంలో తప్పు ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. "ఇకమీదట నీ చేతి మీద చూద్దాం."

అప్పటినుంచి లేపనం కాచినప్పుడల్లా పెద్దనానమ్మ చెయ్యి చాపాలి. నానమ్మ చిటికెన వేలు వదిలేసి బొటనవేలితో రాస్తుంది. మండుతోందా అని అడిగితే పెద్దనానమ్మ ఎప్పుడూ లేదనే అంటుంది. నానమ్మ ఆవిడ నోటిని నమ్మదు, మొహం రంగు చూసి మిరప ఆపుతుంది. ఒకేచోట రాస్తే ఆ చెయ్యీ మొద్దుబారుతుంది, చోటు మారుస్తుండమని చెప్పాను. నా చదువు మొత్తంలో ఆవిడకు నచ్చిన మాట అదొక్కటే. మోచెయ్యి అయింది, మెడ అయింది. ఈమధ్య ఆవిడ చూపు పెద్దనానమ్మ చెవుల వెనక పడింది.