నీలి అట్టల లెక్క

అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద నాకు తొమ్మిది మిరప కుండీలున్నాయి. అమ్మ ఇచ్చిన విత్తనం, నిల్వ పచ్చడికి పనికొచ్చే లావు కాయ. ఏటా కొన్ని కాయలు పండనిచ్చి మళ్లీ విత్తనం తీస్తాను. ఈసారి గింజ మిగలకుండా అంతా నారు పోశాను. ఎక్కువైన ఐదు మొక్కలు మా వాచ్‌మన్ భార్యకు నేనే ఇచ్చాను. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, ఖాళీ పెయింటు డబ్బాల్లో నాటి డాబా అవతలి చివర పెట్టుకుంది.

పూత మొదలవగానే నా మొక్కల ఆకులు ముడుచుకున్నాయి. పువ్వును తెల్లకాగితం మీద తడితే నల్లటి నలుసులు కదిలాయి. ఆకు తీసుకుని నారాయణగూడలో విత్తనాల కొట్టుకు వెళ్లాను.

"నల్ల తామర పురుగు సార్. బయటి దేశంది. ముందుగాల బొప్పాయి మీద కనబడ్డది, ఇప్పుడు మిరప చేన్లల్ల అంతట గదే," అని కొట్టతను జిగురు పూసిన నీలి అట్టలు ఇచ్చాడు. నీలం రంగు ఎక్కడుంటే అది అక్కడికి వస్తుందట.

"తామరైతే మలాము రాయరాదూ?" అంది మా ఆవిడ.

నా కుండీల మధ్య ఆరు అట్టలు కట్టి, రోజూ పొద్దున లెక్కపెట్టాను. మొదటి రోజు అరవై ఒకటి, నాలుగో రోజు నూట నలభై. అంకె పెరిగేకొద్దీ గెలుస్తున్నాననుకున్నాను. కానీ నాకు ఒక్క కాయ పడలేదు.

ఆమె మొక్కలకు మాత్రం ఒక్కోదానికి ఇరవైకి తక్కువ లేవు. అదే విత్తనం, అదే ఎండ. ఆమె దేన్నీ లెక్కపెట్టదు, బియ్యం కడిగిన నీళ్లు పోసి పోతుంది. ఎవరూ లేనప్పుడు ఆమె పువ్వులు కూడా కాగితం మీద తట్టి చూశాను. నా పువ్వుకు సగటున పదిహేడు పురుగులు, ఆమె పువ్వుకు రెండు. దానికీ ఇంకో పది ఉంటే బాగుండుననిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, అనిపించింది. ఆమె ఇచ్చిన కాయలతో పప్పు చేసి మా ఆవిడ "విత్తనం మనదే, చెయ్యే వేరు," అన్నప్పుడు పప్పు గిన్నె పక్కకు జరిపాను.

"ఏంది సార్, రోజు గా అట్టలల్ల ఏం చదువుతరు?" అని ఒక పొద్దున ఆమే అడిగింది.

మూడు వందల పన్నెండు పడ్డాయని చెప్పాను.

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా అన్న గిట్లనే జేసిండు. ఊర్లె ఆయనొక్కడే అట్టలు కట్టిండు, పక్క చేన్ల పురుగంత ఆయన చేన్లకే ఒచ్చింది. ఆఖరికి దున్నేసిండు. మీరు గూడ డాబా మీది పురుగునంత దావత్‌కు పిలిచిన్రు. మీ పుణ్యాన నా చెట్లు సల్లగున్నయి."

అంటుకున్న వాటినే లెక్కపెట్టాను. వచ్చి అంటుకోని వాటి లెక్క నా దగ్గర లేదు.

అట్టలు విప్పేశాను గానీ, వారంలో నా పూతంతా రాలిపోయింది. ఇక విత్తనం ఆమె డబ్బాల్లోనే ఉంది, ఆమేమో రోజూ పచ్చిగానే తెంపుతుంది. మూడు రోజులు ఆగి, నోరు విడిచి అడిగాను. "ఒక్క కొమ్మ పండనియ్యమ్మా, విత్తనానికి."

"గదెంత సార్. ఏది గావాల్నో దారం కట్టుకోండ్రి."

కట్టాను. పదకొండు కాయలు. లేస్తూ చూస్తే పక్క కొమ్మకు పదహారున్నాయి.