పొలిమేర దాకానే చప్పుడు

మొన్న మా ఊరి జవాను ఒకతను ఇరవై ఏళ్ల సర్వీసు ముగించుకుని ఇంటికొస్తున్నాడని, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఊరేగింపుగా తీసుకురావడానికి పాతిక మోటారు సైకిళ్లు తయారయ్యాయి. మంచి పనే. ఎవరూ చెప్పకుండానే పిల్లలు బండ్లకు జెండాలు కట్టుకున్నారు, దండలు తెచ్చుకున్నారు. కానీ బయలుదేరే ముందు ఒకడు సైలెన్సరు పీకేసి, బండిని నిలబెట్టిన చోటే గుర్రుమనిపించడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు బడిలో అరిచిన గొంతు ఇంకా చావలేదు.

"పొలిమేర రాంగనే బండ్లన్ని బందు చెయ్యాలె. ఊళ్లెకు నూక్కుంట రావాలె. మీ తాతలు గట్లనే చేసిన్రు" అన్నాను.

"చప్పుడు లేకుంటె గదేం ఊరేగింపు టీచరమ్మా?" అన్నాడు వాడు.

వాడి తప్పేం లేదు. వాడికి చెప్పినవాళ్లు లేరు. అందుకే మా నాయిన గురించి రాస్తున్నాను.

నాయిన పేరు బిక్షపతి. పొట్టి మనిషి, గోళ్ల సందున ఎప్పుడూ నల్లటి నూనె. ఘన్‌పూర్‌లో మంగీలాల్ సేఠ్ నూనె మిల్లులో ఇంజన్ చూసుకునేవాడు. "మనుషులు మాట్లాడితె మీ నాయినకు సమజ్ గాదు గని, ఇంజన్ దగ్గితె మాత్రం సమజైతది" అని మా అమ్మ ఎత్తిపొడిచేది. ఆయనకు ఒక్కడే అన్న, పాపయ్య. గడీల మీద, వెట్టి మీద ఊళ్లు తిరగబడ్డ రోజులవి. నలభై ఎనిమిదిలో సంఘం దళం మా ఊరి మీదుగా పోతుంటే అన్నదమ్ములిద్దరూ బయలుదేరారు. మా నాయనమ్మ నర్సమ్మ గడపకు అడ్డంగా కూచుంది. "ఒకడు పోండ్రి, ఒకడుండుండ్రి. ఇద్దరు పోతె నేనెవని కోసం ఎదురుచూడాలె, ఎవనికి వండాలె?" అంది. పాపయ్య ఆమె గొంగడి భుజాన వేసుకుని వెళ్లాడు. అప్పుడాయనకు ఇరవై రెండేళ్లు.

ఇక బండి సంగతి. అది మొదట దొర కొడుకుది. మావైపు దాన్ని ఫట్‌ఫటీ అనేవారు. దొర కొడుకు దాని మీద ముందు వచ్చేవాడు, వెనక లారీలో పోలీసులు. చుట్టుపక్కల పదూళ్లలో ఆ చప్పుడు వినబడితే చాలు, పొయ్యి మీది కుండను పొయ్యి మీదే వదిలి జనం జొన్నచేలల్లో దూరేవారు. తరువాత దొర కుటుంబం హైదరాబాదుకు మకాం మార్చింది. బండి గడీ పశువుల కొట్టంలో పడి ఉంటే కోళ్లు దాని లైటు చిప్పలో గుడ్లు పెట్టాయి. దొర తమ్ముడి కొడుకు జగపతి మంచివాడు, సంఘం వాళ్లకు లోపల్లోపల అన్నం పెట్టిన మనిషి. "తీస్కపో బిక్షపతీ, ఈడ గిది కోళ్ల దవాఖాన అయింది" అని నాయినకు ఇచ్చేశాడు. నాయిన నాలుగు నెలలు దానితో కుస్తీ పట్టి లేపాడు.

అప్పటికి పోరాటం ఆగిపోయింది. జైళ్ల నుంచి మనుషుల్ని వదులుతున్నారు. వాళ్లు ఘన్‌పూర్ స్టేషన్‌లో దిగి, నడవలేక చెట్ల కింద కూచుని కూచుని ఊళ్లకు పోతున్నారని విని జగపతి తన బండి తీశాడు, నాయిన ఈ బండి తీశాడు. పోరాడి వచ్చినవాడు కాళ్లీడ్చుకుంటూ పోకూడదు, పెళ్లికొడుకులా పోవాలి అన్నది వాళ్ల పంతం. ఇద్దరే ఇద్దరు. నాయిన అలవాటుగా "దొరా" అనబోవడం, జగపతి కళ్లెర్ర చేయడం, నాయిన నాలుక్కరుచుకుని "అన్నా" అనడం చాలా కాలం సాగిందట.

మొదట ఎక్కినవాడు పోశాలు. మూడేళ్లు జైల్లో ఉండి, యాభై రెండులో దసరా దాటిన వారం రైలు దిగాడు. నాయిన వేసిన బంతిపూల దండ ఆ బక్క మనిషికి మోకాళ్ల దాకా వేలాడింది. ముందు జగపతి జెండాతో, వెనక నాయిన పోశాలుతో. దారి పొడుగునా పోశాలుది ఒకటే మాట. "మా అవ్వ ఎదురొస్తదే బిక్షపతీ. గట్టమ్మ కాళ్లకు నీళ్లు పోస్తది." గట్టమ్మ అతని భార్య.

పోశాలు ఊళ్లోకి వచ్చేసరికి నరమానవుడు లేడు. ఏ ఇంట చూసినా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక ఇంట్లో జొన్న గటక పొంగి పొయ్యిలో పడుతోంది. ఒక ఇంట్లో ఇసుర్రాయి పక్కన జొన్నలు సగం విసిరినవి సగం విసరనివి. కుక్కలు కూడా పారిపోయాయని పోశాలు ముసలితనంలో నవ్వుతూ చెప్పేవాడు గానీ, ఆ రోజు నవ్వలేదు. తన ఊరు తనను చూసి పారిపోయిందని బండి దిగకుండా అలాగే కూచున్నాడట.

పారిపోలేక మిగిలింది ఒక్కతే, పోశాలు తల్లి వీరమ్మ. కళ్లకు పొరలు కమ్మి, మోకాళ్లు పట్టేసి, గోడకు ఆనుకుని కూచుంది. బండ్లు దగ్గర ఆగగానే రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, దండం పెడత. ఇంట్ల ఎవ్వరు లేరు."

"అవ్వా, నేనే. పోశాలును."

ఆమె చేతులు దించలేదు. "పోశాలు ఎవడో నాకెర్కలేదయ్యా. నాకు కొడుకుల్లేరు. పుట్టనే లేదు."

నాలుగేళ్లుగా ఆమె అప్పజెబుతున్న పాఠం అది. అవ్వా అని కొడుకు గొంతు పెట్టి పిలిచిన పోలీసులను కూడా చూసింది. ఆ పాఠంతోనే కొడుకును కాపాడుకుంది, ఇప్పుడు అదే పాఠం కొడుకు మొహాన చెబుతోంది. పోశాలు మోకాళ్ల మీద కూలబడి, ఆమె చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం తగిలి పడ్డ మచ్చ ఉందక్కడ. వేళ్లు దాన్ని తడిమాయి, ఆగాయి, మళ్లీ తడిమాయి. ఆమె అతని తలను ఒళ్లో దాచుకుని చెవిలో గుసగుసగా అన్న మొదటి మాట ఇది.

"ఉరుకు బిడ్డా. పట్‌పటోళ్లొచ్చిన్రు. ఉరుకు."

పొద్దుగూకే వేళకు చేలల్లోంచి వచ్చిన గట్టమ్మ నాయినను నిలబెట్టి కడిగేసింది. "మా మొగన్ని తెచ్చినవా, మా పానాలు తియ్యనీకొచ్చినవా? గా దయ్యపు బండి తప్ప ఇంకోటి దొర్కలేదా నీకు?" తిట్టడం అయిపోయాక ఆమే ఇద్దరికీ గటక పెట్టింది. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు.

ఆనాటి నుంచి అది కట్టుబాటు. పొలిమేర రాయి దగ్గర ఇంజన్ ఆపాలి. వచ్చిన మనిషిని బండి మీద కూచోబెట్టి, హ్యాండిలు ఒకరు పట్టుకుని, వెనక నుంచి ఒకరు తోయాలి. ఇసుక బాటల్లో ఆ ఇనుప బండిని తోయడమంటే మాటలా? "బిక్షపతి బండెక్కుడు తక్కువ, బండి బిక్షపతి నెత్తికెక్కుడు ఎక్కువ" అని ఊళ్లలో నవ్వుకునేవారు. నాయిన లెక్కచేయలేదు. చెమటలు కక్కుతూ తోసేవాడు. ఊరు పారిపోకుండా నిలబడేది. తల్లులు ఎదురొచ్చేవారు. తరువాతి కాలంలో యుద్ధాల నుంచి సెలవు మీద వచ్చిన జవాన్లనూ అలాగే తెచ్చారు. అప్పటికి ఇంకో పది మంది బండ్లవాళ్లు తోడయ్యారు.

వీరమ్మ సంగతి వినగానే మా నాయనమ్మ ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్లకు అద్దుకుంది. కాసేపటికి నాయినను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, మా పాపయ్య వచ్చిననాడు మాత్రం బందు చెయ్యకు. చప్పుడుతోటే తీస్కరా. వాగు కాడికెల్లి ఇంటి దాక నాకు ఇనబడాలె. ఊరంత ఉరికినా నేను ఉరుక."

మా ఊరికి వాగు దాటి ఒక ఎక్కుడు ఎక్కాలి. ఎక్కుడు మీద పొలిమేర రాయి. నాయిన రోజూ సాయంత్రం వచ్చేవాడు. చప్పుడు వాగులోంచి లేచేది, ఎక్కుడెక్కేది, రాయి దగ్గర ఆగిపోయేది. నాయనమ్మ చాటలో బియ్యం ఏరుతూ వినేది. చప్పుడు ఆగిపోగానే ఆమె చేతులు మళ్లీ బియ్యంలో కదిలేవి. పాపయ్య ఈ రోజు కూడా రాలేదు. అలా రెండేళ్లు. కొడుకు కోసం అంతగా తపించిన తల్లి ఒక్కనాడూ "ఏమన్న ఎర్కయిందా?" అని అడగలేదట. చెవులు పెట్టుకుని కూచుంది, అంతే.

యాభై నాలుగు వానాకాలం మొదట్లో ఆఖరి జట్టులో విడుదలైనవాడు యాకయ్య, ములుగు అడవుల దగ్గరి ఊరి మనిషి. స్టేషన్‌లో నాయిన పేరు విని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"పాపన్న యాభైలనే పోయిండన్నా. గుండు తగిలి రెండొద్దులు బతికిండు. వాగొడ్డున పెట్టి మీద రాళ్లు పేర్చినం. ఆఖరికి గొంగడి కప్పుమన్నడు. మా అవ్వది అన్నడు."

నాయిన యాకయ్యను బండెక్కించుకుని అతని ఊరి దాకా తీసుకెళ్లి, పొలిమేరలో ఇంజన్ ఆపి, ఎప్పటిలాగే తోసుకుంటూ ఇల్లు చేర్చాడు. మర్నాడు సాయంత్రం మా ఊరి రాయి దగ్గర కూడా ఎప్పటిలాగే ఆపాడు.

"ఎవర్ని తోల్కపోయినవు బిడ్డా?" అని అడిగింది నాయనమ్మ.

"యాకయ్య అని, అడివి దిక్కాయిననవ్వా."

"వాళ్లవ్వ ఉన్నదా?"

"ఉన్నది."

"ఏమన్నది?"

"ఏమంటది? ఏడ్చింది" అని నాయిన చేతులు కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదని మా అమ్మ చెప్పింది. ఆ రోజు ఆయనెందుకట్లా ఉన్నాడో ఆమెకూ తెలియదు. నాయిన ఎవరికీ చెప్పలేదు.

చలికాలం వచ్చేసరికి నాయనమ్మ మంచం పట్టింది. తిండి పోయింది. సాయంత్రమైతే మాత్రం తల ఎత్తి "ఆగిందా?" అని అడిగేది. "ఆగిందత్తా" అని మా అమ్మ చెప్పేది. ఇక నాయిన వల్ల కాలేదు. పోయే ప్రాణం సంతోషంగా పోనీ అనుకున్నాడో ఏమో, ఒక సాయంత్రం రాయి దగ్గర ఇంజన్ ఆపలేదు. చప్పుడు ఊళ్లోకి వచ్చేసింది. జనం ఉలిక్కిపడి బయటికి వచ్చారు. నాయనమ్మ మంచం మీద లేచి కూచుంది. విన్నది. చప్పుడు వాకిట్లోకి వచ్చి ఆగేలోపే మళ్లీ పడుకుంది.

నాయిన లోపలికి వచ్చి నిలబడ్డాడు. 

"ఒక్కనివే వచ్చినవు గదరా" అంది ఆమె. "ఇద్దరెక్కితె ఎక్కుడు కాడ గది మూలుగుతది. ఇయ్యాల మూల్గలే."

నాయిన మంచంకోడు పక్కన కూచున్నాడు. అంతా చెప్పేశాడు. గొంగడి సంగతి కూడా. 

"నీకెప్పుడెర్కయింది?"

"వానకాలం మొదట్ల."

"గన్ని నెలలు నువ్వొక్కనివే మోసినవా, నా కొడుకా" అని ఆయన తల నిమిరింది. నాయిన బతుకంతటిలో వెక్కి వెక్కి ఏడ్చింది ఆ ఒక్కసారేనని అమ్మ అంటుంది. ఏడుపు కాస్త నిలిచాక నాయనమ్మ అంది, "పో, తీస్కరాపో. చప్పుడుతోటే తీస్కరా. ఉరుక అని చెప్పిన గద."

మర్నాడే నాయిన, జగపతి బయలుదేరారు. యాకయ్య ఊళ్లో జగపతి అతన్ని తన బండి ఎక్కించుకున్నాడు, నాయిన ఒంటరిగా వెనక వెళ్లాడు. అడవిలో గడ్డి మొలిచిన రాళ్ల కుప్ప దొరికింది. పై రాయిని ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. దాన్ని కొత్త గొంగడిలో చుట్టి, నాయిన వెనక సీటుకు తాళ్లతో బిగించారు. మూడో రోజు పొద్దు వాలే వేళకు మా వాగు చేరారు.

నాయనమ్మ ఆ రోజు తలంటుకుంది. మా అమ్మ భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. ముందే తెలిసి ఊరివాళ్లందరూ గడపల్లో నిలబడ్డారు. ఒక్కరు కూడా చేల వైపు పోలేదు. వాగులోంచి చప్పుడు లేచింది. ఎక్కుడు మొదట్లో బండి మూలిగింది, ఆగిపోతుందేమో అన్నంతగా మూలిగింది, పైకెక్కింది. రాయి దగ్గర ఆగలేదు.

"ఇద్దరొస్తున్నరు" అంది నాయనమ్మ.

బండి వాకిట్లోకి వచ్చింది. ఆమె గొంగడి తొలగించి రాయి మీద చెయ్యి పెట్టింది, ఇంజన్ అదురుకు రాయి కూడా సన్నగా అదురుతోంది. నాయిన ఆపడానికి చెయ్యి చాచాడు.

"ఉండనియ్యిరా. ఇంకింత సేపు ఉండనియ్యి" అంది.

నాయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్రోలు అయిపోయేదాకా ఆమె అలాగే చెయ్యి పెట్టుకుని నిలబడింది.