నలుగురిలో ముగ్గురు

కాచిగూడలో ఉదయం ఆరున్నరకు రైలెక్కాను. సంచిలో ఒక రక్తపరీక్ష ఫలితం ఉంది. ఫోన్లో చెప్పేయొచ్చు కదా అన్నారు ల్యాబులో. నాకు మనసొప్పలేదు.

కంటి లోపలి తెర, రెటీనా, వంశపారంపర్యంగా దెబ్బతినే జబ్బుల మీద పరిశోధన నా ఉద్యోగం. బోధన్‌లో బీడీలు చుట్టే నర్సవ్వ నాకు అలాగే పరిచయమైంది. చిన్నప్పుడు రేచీకటి, ముప్ఫై దాటేసరికి పగలు కూడా కనిపించకుండా పోయింది. ఆమె రక్తంలో జన్యు లోపం దొరికిన రోజు ల్యాబులో మిఠాయి పంచాను. అది దొరికాక ఒక పెళ్లి ఆగింది. నర్సవ్వ కొడుకు సాయిలు, అతని మేనమామ కూతురు లత ఒకరంటే ఒకరికి ప్రాణం. తల్లి నుంచి సాయిలుకు ఆ లోపం వచ్చే ఉంటుంది. ఒక్కవైపు నుంచే వచ్చింది కనుక అతని చూపుకు భయం లేదు. లతలో కూడా ఉంటేనే పిల్లలకు ప్రమాదం. పరీక్ష చేయమని లతే అడిగింది.

పదకొండు దాటాక నిజామాబాద్‌లో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి దాటినప్పటి నుంచి చెరుకు ట్రాక్టర్ల వెనకే మా బస్సు నడిచింది. చక్కెర ఫ్యాక్టరీ దగ్గరపడేకొద్దీ బెల్లపు పాకం వాసన.

లత నర్సవ్వ ఇంటి వాకిట్లోనే ఉంది. ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"ఉన్నదా అక్కా?"

"ఉందమ్మా."

"ఇంకొకపారి సూస్తరా? తప్పు పడ్డదేమో."

"రెండుసార్లు చూశాం."

నలుగురు పిల్లలు పుడితే ఒకరికి ఆ జబ్బు రావచ్చని, మొదటి బిడ్డకే రావచ్చని, అసలెవరికీ రాకపోనూవచ్చని చెప్పాను. లోపలి నుంచి నర్సవ్వ గోడ తడుముకుంటూ వచ్చింది.

"వస్తే రానీ డాక్టరమ్మా. నేను బతుకుతలేనా? మనవనికి నేను నేర్పుకుంట."

లత ఆమె చేయి పట్టుకుని గడప దాటించి కూర్చోబెట్టింది. తరవాత నాతో బస్సు రోడ్డు దాకా నడిచి, అక్కడ అంది: "అత్తమ్మకు గట్ల చెయ్యి పట్టి నడిపిచ్చుడు నాకు ఎనిమిదేండ్లప్పటి సంది అలవాటు. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఎట్ల ఏడుస్తదో నేను విన్న. నా బిడ్డను గట్ల సూడలేనక్కా. బావకు మీరే చెప్పుండ్రి. నా నోట రాదు."

సాయిలు ఫ్యాక్టరీ బయట, చెరుకు ట్రాక్టర్ల వరుసలో దొరికాడు. ఇంజన్ ఆపి దిగాడు. ఫలితం, లత అన్న మాట రెండూ చెప్పాను.

"నలుగురిల ఒక్కరికి అంటే, ముగ్గురు మంచిగుంటరు గదా మేడం?"

"అవును."

"గీ మాట లతకు చెప్పిండ్రా?"

చెప్పానన్నాను. అయినా అతను ట్రాక్టర్‌ను పక్కవాడికి అప్పజెప్పి, సైకిలు తీసుకుని లత ఇంటివైపు వెళ్లాడు. తానే మొదటిసారి చెప్పబోతున్నంత తొందరగా తొక్కాడు.

ఆ మాట పనిచేయలేదు. ఉగాది తరువాత లతను మోర్తాడ్‌కు ఇచ్చారు, బయటి సంబంధం. ఇద్దరు పిల్లలు, చూపు చక్కగా ఉంది. సాయిలు చాలా ఏళ్లు పెళ్లి చేసుకోలేదు. నాకు ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడిగేవాడు: "మందు ఏమన్న వచ్చిందా మేడం?" తల్లి కోసమే అడుగుతున్నాడని మొదట్లో అనుకున్నాను.

ఇదంతా తరవాతి సంగతి. ఆ రోజు సాయంత్రం నిజామాబాద్‌లో తిరుగు రైలెక్కితే, ఎదుటి సీట్లో పసుపు అమ్ముకుని వెళ్తున్న రైతు తన సజ్జరొట్టెల్లో ఒకటి నా చేతిలో పెట్టి, ఏం పని మీద వచ్చావని అడిగాడు. చెప్పాను.

"అయితే కండ్లు మల్ల వస్తయా?"

"ఇంకా లేదు. వెతుకుతున్నాం."

ఆయన తలూపి కిటికీ వైపు తిరిగాడు. కామారెడ్డి దాటుతుండగా పొలాల మీద పొద్దు వాలుతోంది. ఇన్నేళ్లుగా నేను ఆ లోపాన్ని పట్టుకోవాలనే సూక్ష్మదర్శినుల ముందు, జన్యువుల జాడ చూపే జెల్ పలకల ముందు కూర్చున్నాను. లత నమూనా ఒక్కదానిలో మాత్రం అది కనిపించకూడదని కోరుకున్నాను. రొట్టె అయిపోయినా, ఆ కోరిక మాత్రం సికింద్రాబాద్ దాకా నాతోనే వచ్చింది.