ఖాళీ లారీ ఊగినందుకు

తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారు. నేనైతే ఆ చెట్టు కింద నిజంగా కల్లే తాగినవాణ్ణి. అందుకే మానేశాక కూడా చల్లపల్లిలో నా మాట నమ్మే మనిషి లేకుండా పోయాడు.

డెబ్భైల్లో మాట. పొద్దున్నే మిల్లు దగ్గర బియ్యం బస్తాలు ఎక్కించుకుని విజయవాడ వెళ్లేవాణ్ణి. దించేసి, సాయంత్రానికి ఖాళీ లారీతో తిరిగొచ్చేవాణ్ణి. గుళ్లో సాష్టాంగపడి ఇక ముట్టనని ప్రమాణం చేశానో లేదో, లారీ ఊగడం మొదలెట్టింది. అదీ సాయంత్రాలే. చిన్న గతుకు తగిలితే చాలు, ముందు చక్రాలు గంతులేసేవి. స్టీరింగు వణికేది. బండి కాలవగట్టు వైపు జరిగేది. "పడిందిరోయ్ చుక్క!" అని దారిలో జనం నవ్వేవాళ్లు. ఒక్కోసారి నాకే భయం వేసేది, పాత తాగుడు నా నరాల్లో మిగిలిపోయిందేమోనని.

ఓనరు ఒక పొద్దున మెకానిక్కుని పిలిపించాడు. బండి నిండా బస్తాలు. అతను తోలి చూస్తే గీత గీసినట్టు పోయింది. "బండికేం రోగం లేదండీ" అన్నాడు. ఓనరు నా వైపు చూసిన చూపుకి అక్కడే చచ్చిపోదామనిపించింది.

ఇంట్లో అంతకంటే నరకం. మా ఆవిడ అరిచేది కాదు. అరిచినా బాగుండేది. నేను గుమ్మం ఎక్కగానే దగ్గరకొచ్చి వాసన చూసేది. వాసన రాకపోతే వక్కపొడి నమిలొచ్చాననుకునేది. చివరికి ఒకరోజు "మా అమ్మ దగ్గర దింపెయ్యండి" అంది. పుట్టిల్లు కంకిపాడు, నా దారిలోనే. నా పెళ్లాన్ని నేనే లారీ ఎక్కించుకెళ్లి వదిలిరావాలి. ఇంతకంటే దరిద్రం ఉంటుందా?

ఆ పొద్దున దారి పొడుగునా దేవుణ్ణి వేడుకున్నాను. ఒక్కసారి ఊగించు తండ్రీ, తను పక్కనుండగా ఒక్కసారి, అని. కావాలని గతుకుల్లోకి దింపాను. ముసలి ఎద్దులా నింపాదిగా నడిచింది ముండా బండి. కంకిపాడులో దిగుతూ, "పొద్దున పూట చక్కగానే తోల్తారుగా" అంది తను.

ఆ మాట విజయవాడ దాకా నన్ను కోస్తూనే ఉంది. అక్కడ గోడౌను ముందు హమాలీలు బస్తాలు దించుతుంటే, బరువు తగ్గేకొద్దీ బండి పైకి లేస్తోంది. రోజూ చూసేదే, ఆవేళ బుర్రకెక్కింది. తేడా పొద్దునకీ సాయంత్రానికీ కాదు, బరువుకీ ఖాళీకీ. పొద్దున బస్తాలు దాన్ని అదిమిపట్టేవి. సాయంత్రం పట్టే దిక్కు లేదు. అంటే గంతుల్ని ఆపాల్సిందేదో బండిలోనే పాడైందన్నమాట.

అన్నం తినకుండా మిట్టమధ్యాహ్నమే కంకిపాడు తోలాను. దారంతా ఊగింది. మా ఆవిడ బయటికొచ్చి, అలవాటుగా వాసన చూడబోయింది.

"నా నోరు కాదే, బండిని చూడు!" అని అరిచాను.

స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రం పక్కకి తిరిగింది. దాని వెనక, బండి గంతులేయకుండా ఆపే గొట్టం ఉంటుంది, షాకబ్జార్బరు. చెయ్యి పెట్టి కుదిపాను. టకటకా కొట్టుకుంది. దాన్ని పైన బిగించే చోట రబ్బరు పొడి పొడిగా రాలిపోయింది. బోల్టు బెజ్జం అరిగి సాగిపోయింది. గొట్టం పేరుకి వేలాడుతోందంతే. రెండోవైపూ అదే గతి.

"నువ్వే ఊపి చూడు" అన్నాను.

తను కూచుని చెయ్యి పెట్టి ఊపింది. టక్ మంది. మళ్లీ ఊపింది. అలా ఊపుతూనే ఉంది, చేతికంతా గ్రీజు అంటుకున్నా వదల్లేదు. ఏడుస్తోందని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

"ఇన్నిసార్లు తాగలేదన్నారు. అన్నిసార్లూ అబద్ధమన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మీ పక్కన కూచోనండీ?" అంది.

నేను లేచి లారీ తలుపు తీశాను.

"ఎక్కు" అన్నాను. "ఖాళీ బండి, ఊగుద్ది. గట్టిగా పట్టుకో."