గుసగుసల లెక్కల క్లాసు

2024 చివర్లో సంగతి. నేనుండే ద్వీపనగరంలో పాయా లేబర్ అనే పేటలో ఒక క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా నాకప్పటికి పద్నాలుగేళ్లు. స్పీచ్ థెరపిస్టంటే నత్తి పోగొట్టేవాళ్లని చాలామంది అనుకుంటారు. నాది వాయిస్ థెరపీ, అంటే పోయిన గొంతును తిరిగి రప్పించే పని. టీచర్లు, పూజారులు, ఫోన్లో అమ్మకాలు చేసేవాళ్లు, అరిచి అరిచి బొంగురుపోయిన ప్రతివాళ్లూ మా గుమ్మం తొక్కుతారు.

నా గది గోడలకు శబ్దం రాకుండా మెత్తటి పలకలు అతికించారు. వాన పడే మధ్యాహ్నాల్లో అక్కడ కూర్చుంటే నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం నర్గిస్ వచ్చింది. పేరు, మరికొన్ని వివరాలు ఆవిడ అడిగినట్టే మార్చాను. నలభై ఏళ్లావిడ, ఒకప్పుడు కాబూల్‌లో లెక్కల టీచరు. భర్త ఉద్యోగం వల్ల ఇక్కడికి చేరి రెండేళ్లు దాటింది. ఆర్నెల్లుగా గొంతు లేదని ఇంగ్లీషులో గుసగుసగా చెప్పింది.

స్వరతంత్రుల మీద కాస్త వాపు తప్ప మరేమీ లేదని డాక్టరు రిపోర్టు. ఆ కాస్త వాపును నేను పట్టించుకోలేదు. కాబూల్ అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. మతం పేరుతో తుపాకీ పట్టి, రెండోసారి ఆ దేశాన్ని ఏలుతున్నవాళ్ల గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాను. ఆడవాళ్ల గొంతు బయట వినబడకూడదని ఆ ఏడాదే చట్టం చేశారు. ఇంకేం, భయంతోనే ఈవిడ గొంతు పూడుకుపోయిందని తేల్చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

గొంతు సాధనగా కళ్లూ పెదవులూ మూసుకుని సన్నగా 'మ్‌మ్' అనమనేదాన్ని, ఆ మీదట గుర్తొచ్చింది చెప్పమనేదాన్ని.

"మొదటిసారి వాళ్లొచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. అంతకుముందు ముఠాలు కొట్టుకుని ఊరిని బూడిద చేశాయి. వీళ్లొచ్చాక దారిదోపిడీలు ఆగాయి. మా నాన్న సంతోషించాడు. ఆ వారంలోనే మా బడికి తాళం పడింది. ఐదేళ్ల తర్వాత వాళ్లు పోయి బడి తెరిస్తే, పదిహేడేళ్లదాన్ని, చిన్నపిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను."

"రెండోసారి?"

"బోర్డు మీద లెక్క సగంలో ఉంది. వాళ్లు ఊళ్లోకొచ్చేశారని చెప్పి మా హెడ్‌మిస్ట్రెస్ అందర్నీ ఇళ్లకు పొమ్మంది. ఇంటికెళ్లాక చూసుకుంటే చేతిలో చాక్‌పీసు అలాగే ఉంది."

వాళ్ల పేరు ఆవిడ ఒక్కసారీ ఎత్తలేదు, నేనూ ఎత్తను. వింటుంటే నాకా ఊరు కలలో చూస్తున్నట్టు ఉండేది. దుమ్ము, కొండలు, మూసిన తలుపులు. కానీ గొంతు మాత్రం వారం వారం ఇంకా సన్నగిల్లుతోంది. ఇంట్లో సాధన చేయడం లేదేమోనని లోలోపల విసుక్కున్నాను కూడా.

మా రిసెప్షన్‌లో రమణమ్మ ఆంటీ ఉంటుంది. వంతెన అవతలి జొహోర్‌లో పుట్టి పెరిగిన తెలుగావిడ, మాట చివర అక్కడివాళ్లలాగే 'లా' తగిలిస్తుంది. ఒకరోజు అపాయింట్‌మెంట్ల పుస్తకం నా ముందుకు తోసింది.

"అమ్మాయ్, ఆయమ్మ ఐదున్నర స్లాటిస్తే ఒక్కనాడు తీసుకోదు లా. శనారం గూడా అంతే. ఆ టైముకి ఏదో పని చేస్తంది, నే జెప్తున్నా."

మా వృత్తిలో మొదటిరోజే వాయిస్ డైరీ రాయించాలి. రోజులో ఏ గంటకు గొంతు ఎలా వాడారో పేషంటు రాసుకునే పుస్తకమది. మాట్లాడలేని మనిషికి డైరీ ఏమిటని నేను వదిలేశాను. ఆ రోజు సిగ్గుపడుతూ అడిగాను, ఐదున్నరకు ఏం చేస్తారని.

నర్గిస్ ఒకసారి తలుపు వైపు చూసింది. "అప్పుడు కాబూల్‌లో మధ్యాహ్నం రెండు. మగవాళ్లు ఇంట్లో ఉండరు. ఒక వంటింట్లో ఐదుగురు ఆడపిల్లలు, ఒకటే ఫోను. రెండు గంటలు లెక్కలు చెబుతాను. ఐదుగురికీ వినబడాలని ఫోను స్పీకరు మీద ఉంటుంది. గోడకవతల ఎవరుంటారో తెలియదు, అందుకే గుసగుసగా చెబుతాను. రెండేళ్లుగా, రోజూ."

గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అని అందరూ అనుకుంటారు. గంటలకొద్దీ ఆడితే అరిచినంత చేటు. ఆవిడ భయపడి మూగబోయిందని నేను జాలిపడుతూ కూర్చున్నాను, ఆవిడేమో రోజూ బడి నడుపుతోంది!

"ఆరు వారాలు పాఠం ఆపాలి. లేకపోతే ఈ గొంతు తిరిగి రాకపోవచ్చు" అన్నాను.

"ఆపితే పెళ్లిళ్లు చేసేస్తారు మేడమ్. పెద్దదానికి పదిహేను. చదువుకుంటోందని చెప్పే ఇన్నాళ్లూ వాళ్లమ్మ ఆపింది."

"అయితే పాఠం వాళ్లనే చెప్పమనండి. మీరు కాగితం మీద రాసి కెమెరాకు చూపించండి."

"వాళ్ల మైకు ఎప్పుడూ ఆపే ఉంటుంది. ఇన్నాళ్లలో వాళ్ల గొంతు నేను వినలేదు."

పసిపిల్లను జోకొడుతూ మాట్లాడేంత మెత్తటి గొంతు ఒకటుంది. గుసగుస మాదిరి కాదు, గొంతును చెడగొట్టదు, దూరమూ పోదు. అది ఆవిడకు నేర్పాను, ధైర్యముంటే పిల్లలకు నేర్పమన్నాను, నిర్ణయం వాళ్లదే అన్నాను. ఆ తర్వాత ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. గోడకవతల ఏమైనా జరిగితే అనుభవించేది నేను కాదు కదా.

రెండు నెలలకు నర్గిస్ వచ్చి కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది. "పిల్లలు మైకు తెరిచి పాఠం చెప్పారు. పెద్దది బొంగురుగా మాట్లాడుతుంది మేడమ్. రెండోదానికి తొందరెక్కువ. చిన్నది జవాబు తప్పయితే నవ్వేస్తుంది. నా పిల్లలెవరో నాకిప్పుడు తెలిసింది."

చెబుతూ చెబుతూ వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకు గొంతుంది. నాకూ కళ్లు నిండాయి.

ఇప్పుడా క్లాసులో నలుగురే. ఆ ఆరు వారాలు ఎక్కువ పాఠాలు చెప్పిన పెద్దపిల్లకు పెళ్లి చేసేశారు. ఆ కబురు నర్గిస్ నాకు ఫోన్లో నిండు గొంతుతో చెప్పింది.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటిరోజే డైరీ చేతిలో పెడతాను. గొంతు ఎలా పోయిందని అడిగే ముందు, ఎవరికోసం వాడారని అడుగుతాను.