అమ్మీ పెట్టిన హర్రాజ్

మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లో మా మనవరాలు తన పాత కారును అమ్మకానికి పెట్టబోతూ సీట్లు తుడుస్తుంటే, పక్కన కూర్చున్న నాకు ఎండకు కాగిన తోలు వాసన, దాని అడుగున సన్నగా పెట్రోలు వాసన తగిలింది. అది మా నాన్న, మా అబ్బా కారు వాసన.

చిలకలగూడలో మా ఇల్లు. అబ్బా తన నల్ల కారును రైల్వేస్టేషన్ దగ్గర కిరాయికి తిప్పేవాడు. పొద్దున్నే ముందువైపు ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పితే అది కాసేపు దగ్గి, వీధిలో కోళ్లన్నీ చెదిరిపోయేలా ఒక్కసారి గర్జించేది. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మమ్మల్నీ, పక్కింటి ఈశ్వరమ్మత్త పిల్లలనూ ఎక్కించుకుని బన్సీలాల్‌పేట దాకా తిప్పుకొచ్చేవాడు. రంజాన్‌కు మా షీర్ ఖుర్మా వాళ్లింటికి పోయేది, బతుకమ్మకు వాళ్ల సత్తు, మలీద ముద్దలు మా ఇంటికి వచ్చేవి. సీతాఫలాల కాలంలో రెండిళ్ల పిల్లలమూ ఆ కారు నీడలో కూర్చుని, గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారా అని పందెం వేసుకునేవాళ్లం.

ఆ ఏడు సీతాఫలాలు బుట్టల్లోకి వచ్చేనాటికి పోలీసు యాక్షన్ అయిపోయింది. రజాకార్లకు బండి తోలాడని ఎవరో చాడీ చెబితే అబ్బాను విచారణకని తీసుకుపోయి జైల్లో పెట్టారు. ఆయన తోలింది రైలు దిగిన ప్రయాణికులకేనని వీధికంతా తెలుసు; కానీ ఎవరికీ నోరు పెగలని రోజులవి.

అప్పుడు వచ్చాడు నర్సింగం. వీధి మొదట్లో కట్టెల అడితి వాడిది. నిన్నటిదాకా రజాకార్లకు వంగి వంగి సలాములు చేసినవాడు, ఇప్పుడు కొత్త గాంధీ టోపీ పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"చూడు చెల్లె, కారు గిట్లుంటె ఎవడో ఒకడు గుంజుకపోతడు. నాకిచ్చెయ్యి. పెద్దోళ్లు నాకెరుక. మీ ఆయనను ఇడిపిస్త."

పరదా వెనక నుంచి అమ్మీ గొంతు వినిపించింది. "మా ఆయన తప్పు చెయ్యలె. కారు అమ్మాలంటె నలుగుట్ల అమ్ముత, హర్రాజ్‌ల పెడ్త. కావాల్నంటె ఆడికొచ్చి పాట పాడు."

వాడు నవ్వి వెళ్లిపోయాడు. ఈశ్వరమ్మత్త మాత్రం భయపడింది. "ఎందుకీ పరేషాన్? ఇచ్చెయ్యరాదు, అన్న బయటపడితె సాలు" అంది. "ఇయ్యాల కారిస్తె రేపు ఇల్లడుగుతడు, వదినా" అంది అమ్మీ.

సికింద్రాబాద్ బజారు వెనక ఒక ప్రహరీ గోడల ఆవరణలో ఆదివారాలు హర్రాజ్, అంటే వేలంపాట, జరిగేది. ఊరు విడిచిపోయే దొరల బల్లలు, అద్దాలు, గడియారాలు, పాకిస్తాన్ పోతున్న కుటుంబాల పందిరి మంచాలు అన్నీ ఎండలో కుప్పలుగా ఉండేవి. రైల్వేలో పనిచేసే ఈశ్వరమ్మత్త భర్త మా కారు తోలుకొచ్చాడు. అమ్మీ బురఖాలో, నేను ఆమె చెయ్యి పట్టుకుని.

పాట మొదలుకాగానే నర్సింగం, వినడానికే సిగ్గేసే ధర ఒకటి పలికాడు. వాడి మనుషులు గుంపులో అక్కడక్కడా నిలబడి, నోరు తెరవబోయిన ప్రతివాడి కళ్లలోకీ చూస్తున్నారు. ఎవరూ పై పాట పాడలేదు. హర్రాజ్ పాడించే ముసలాయన "ఒకటోసారి... రెండోసారి..." అన్నాడు.

"ఆగు!" అంది అమ్మీ. గుంపును తోసుకుంటూ ముందుకు వెళ్లి మొహం మీది ముసుగు ఎత్తేసింది. "ఇది నా కారు. మొగడు ఇంట్ల లేని టైం చూసి నన్ను బెదిరిచ్చిండు. ఇయ్యాల మిమ్ముల సుత బెదిరిస్తుండు. భయమైనోళ్లు పోండ్రి. బండిని మల్ల ఇంటికి తోలుకపోత గని వీని చేతిల పెట్ట."

అని, ఆమే హ్యాండిల్ అందుకుంది. గడప దాటడమే అరుదైన మా అమ్మీ! మొదటిసారి తిప్పితే బండి కదల్లేదు, ఎవరో పకపకా నవ్వారు. ఆమె బురఖా చేతులు పైకి మడిచి మళ్లీ తిప్పింది. కారు గర్జించింది. నవ్వినవాళ్లు వెనక్కి జరిగారు.

"నేను పాడుత" అని గుంపు చివర నుంచి ఒక ఆడగొంతు. తెల్లచీర కట్టుకున్న డాక్టరమ్మ. "కాన్పులకు టాంగాల పోయేసరికి పిల్లలు నాకంటె ముందే ఒస్తున్నరు" అంది. అందరూ ఘొల్లున నవ్వారు, ఆ నవ్వుతో భయం విరిగిపోయింది. ఇంకొకరు పాడారు, వాళ్ల మీద మరొకరు. నర్సింగం పాట ఎక్కడో కింద మిగిలిపోయింది. చివరికి కారు డాక్టరమ్మదే అయింది. అయినా అమ్మీ, ఆమె పేరున కాగితం రాయించి, అందరి ముందూ పైకి చదివించి, సొమ్ము చేతికి వచ్చాకే తాళంచెవి ఇచ్చింది.

"నీ నోటి తీటతో ఆయన ఇక రాడు" అన్నవాళ్లున్నారు. అమ్మీ ఆ సొమ్ముతోనే వకీలును పెట్టింది. ఈశ్వరమ్మత్త భర్త, ఆయన వెనక వీధిలోని మరికొందరు వెళ్లి, అబ్బా ఎవరిని ఎక్కించుకునేవాడో సాక్ష్యం చెప్పారు. చలికాలం పోతుండగా అబ్బా ఇంటికి వచ్చాడు, సగమైపోయి. ఖాళీ వాకిట్లో కారు నిలిచే చోట నిలబడి, హర్రాజ్ సంగతంతా అమ్మీతో చెప్పించుకున్నాడు.

"డాక్టరమ్మ మంచిగ నడుపుతదా?" అని అడిగాడు ఆఖరికి.

"నీకంటె మంచిగ" అంది అమ్మీ. జైలు నుంచి వచ్చాక ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఇప్పుడు ఆ వీధి లేదు. అడితి ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి, హర్రాజ్ ఆవరణలో చెప్పుల దుకాణాలున్నాయి, ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్లలో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అటు పోయినప్పుడల్లా ట్రాఫిక్ అని మావాళ్లు విసుక్కుంటున్నా ఆటో ఆపిస్తాను. ఇక్కడే మా అమ్మీ ముసుగెత్తి నిలబడిందని, ఎవరూ అడగకపోయినా, ఆటోవాడికి వినపడేలా గట్టిగా చెబుతాను.