సారు మిగిల్చిన రెండు రబ్బరు రింగులు

సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆత్మకూరులో నా దుకాణంలో, కాలిపోయిన బోరు మోటారు ముందేసుకుని కూర్చున్నాను. ఫోను చేసింది సారు తమ్ముడు. పొద్దున చాయ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట, దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. వస్తానని చెప్పి వెళ్లని నాలుగు ఆదివారాలు గుర్తొచ్చాయి.

వనపర్తిలో ఆయన మాకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక మేడమీది గదిలో పెద్ద బల్ల వేసి, దానిమీద రైలు పెట్టుకున్నారు. జానెడు ఇంజను, నాలుగు పెట్టెలు, అట్టముక్కలతో కట్టిన గద్వాల స్టేషను, కృష్ణ మీది వంతెన, ఆ వంతెనకు ఎక్కే ఎత్తు. ముసలితనంలో ఇదేం పిల్లలాటని ఊళ్లోవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, కాకపోతే వారంవారం బస్సెక్కి పోయి మరీ నవ్వేవాణ్ణి.

ఆ ఇంజను చక్రాల్లో రెండింటికి సన్నటి గాడి ఉంటుంది. గాడిలో దారమంత రబ్బరు రింగు కూర్చుంటుంది. అది పాడైతే ఇంజను చదును మీద ఎలాగో పోతుంది కానీ ఎత్తు ఎక్కదు, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. “ఇనుము ఇనుమును పట్టదురా. నడుమ జర మెత్తటిది ఉండాలె” అన్నారు మొదటిసారి నాకు చూపించినప్పుడు. కొట్లాడుకుని వచ్చిన మొగుడూపెళ్లాలకు కూడా అదే మాట చెప్పగా తర్వాత విన్నాను.

రింగు మార్చడం ఆయన దగ్గరే చూడాలి. పాతదాన్ని పిన్నీసు మొనతో లేపి తీసేవారు. గాడిని స్పిరిటు దూదితో తుడిచేవారు. కొత్తదాన్ని గోరువెచ్చని నీళ్లలో నానేసి, ఒక అంచు గాడిలో ఆనించి, పుల్లతో మెల్లగా చుట్టూ ఎక్కించేవారు. రింగు ఎగిరిపోతుందని ఆ కాసేపు ఫ్యాను కూడా వేయనిచ్చేవారు కాదు. “తొందరపడితే తెగుతది, భయపడితే మెలిక పడ్తది” అనేవారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. దసరా వస్తే మా మెకానిక్కులం పానాలు, మోటార్లు అన్నీ కడిగి, నూనె పట్టించి, బొట్టు పెట్టి ఆయుధపూజ చేస్తాం. పోయిన దసరాకు సారు చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టుకోవడానికి వెళ్లాను. ఆయన కింద చుట్టాలతో మాట్లాడుతుంటే నేను మేడెక్కి, ఆ ఇంజనును మాత్రం ఎందుకు వదలాలని చక్రాలన్నిటికీ కారేటట్టు నూనె పోసి, పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టాను. నూనె తాగిన రబ్బరు ఉబ్బి వదులైంది. వారం తిరక్కుండానే రెండు రింగులూ ఊడొచ్చాయి. తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు పూజ చేస్తే అది నాకు నామం పెట్టిందిరా అని నవ్వారంతే.

సారు వెతికి వెతికి పోస్టులో కొత్త రింగులు తెప్పించేసరికి చలికాలం పోయింది. పొట్లంలో నాలుగే ఉన్నాయి. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. తానే ఎక్కించబోయి రెండు తెంపుకున్నాక నాకు ఫోను చేశారు. ఆదివారం వస్తానన్నాను. మోటార్లు కాలే ఎండలు మొదలయ్యాయి. నాలుగు వారాలు అదే మాట అన్నాను.

సారు పోయిన ఐదో రోజు ఆయన పేరున పిట్టకు, అంటే కాకికి, కూడు పెట్టారు. దాబా మీద విస్తరిలో జొన్నరొట్టె, మటన్ కూర, ఆయనకిష్టమైన మిరపకాయ బజ్జీలు, పక్కన కప్పులో చాయ. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. కాకులు వచ్చి ఎదురుగా కరెంటు తీగ మీద వాలాయి, మావంకే చూశాయి తప్ప దిగలేదు. గంట గడిచింది. సారు తమ్ముడు కాకుల వైపు చేతులు జోడించి, వదినను మంచిగా చూసుకుంటామని మాటిచ్చాడు. సారు మనవరాలిని చదివిస్తామనీ చెప్పాడు. ఒక్క కాకీ కదల్లేదు. ఏం కోరిక మిగిలిందోనని పెద్దవాళ్లు గొణగసాగారు. కాకికి ఆకలైతే తింటది, మందిని చూస్తే బెదురుతది, గంతే అని ఇలాంటి చోట్ల సారే అనేవారు. ఆ సైన్సు ఆ పూట నాకు ధైర్యమివ్వలేదు. గోడకానుకుని తల దించుకున్నాను.

సారు భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చింది. “ఆయన నీ తోవ చూసుకుంటనే పోయిండు కొడుకా. ముందుగాల గా ఇంజను సంగతి చూడు” అంది.

పక్కనే ఉన్న రైలు గదిలోకి వెళ్లాను. బల్ల మీద అన్నీ సర్ది పెట్టి ఉన్నాయి. పొట్లంలో రెండు రింగులు, పిన్నీసు, పుల్ల, దూది. నీళ్ల గ్లాసు ఎండిపోయి అడుగున తెల్లటి చార మిగిలింది. నాకోసం ఎన్నిసార్లు సర్దారో. అప్పుడు వచ్చింది ఏడుపు.

అమ్మ గోరువెచ్చని నీళ్లు తెచ్చింది, నేను చెప్పకముందే ఫ్యాను ఆపింది. బోరు మోటార్లు విప్పే మొద్దు వేళ్లు నావి. మొదటి రింగు ఎలాగో ఎక్కింది. రెండోది సగం దాకా వచ్చి మెలిక పడింది. ఇది తెగితే ఇంకోటి లేదు. దాబా మీదున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డారు. రింగును వెనక్కి తీసి, మళ్లీ నీళ్లలో వేసి, తొందరపడితే తెగుతదన్న సారు మాట మనసులో అనుకుని వంద అంకెలు లెక్కపెట్టాను. మళ్లీ ఆనించాను. పుల్లతో తిప్పాను. ఈసారి చప్పుడు లేకుండా గాడిలో కూర్చుంది.

స్విచ్చి వేశాను. రైలు స్టేషను దాటింది, ఎత్తు మొదట్లో చక్రాలు ఒక్క క్షణం ఉత్తగా తిరిగాయి. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఇంజను ఆగింది, పట్టింది, నాలుగు పెట్టెలతో వంతెన ఎక్కింది.

ఎంతసేపు చూశామో తెలియదు. బయటికి వచ్చేసరికి విస్తరిలో కూర లేదు, బజ్జీలు లేవు, రొట్టె ముక్క ఒకటి మిగిలింది. చాయ కప్పు బోర్లా పడి ఉంది. ఏ కాకి దిగిందో మాలో ఒక్కరూ చూడలేదు. అమ్మ కప్పును సరిగా నిలబెట్టి, అందరినీ అన్నానికి కిందికి రమ్మంది. లోపల, ఆపడం మరిచిన రైలు వంతెన ఎక్కుతున్న చప్పుడు మెట్లు దిగేదాకా వినబడుతూనే ఉంది.